అసురసంధ్య వేళ చేపల వాసన

మా ఇంట్లో చేపల వాసన రావడానికి వీల్లేదు. మా అత్తవారి వైపు ఉల్లిపాయ తినేవాళ్లనే అదోలా చూస్తారు, ఇక చేప మాట ఎత్తడమా! అలాంటి ఇంట్లో, ఆ ఏడు కార్తీకమాసంలో, దీపాలు పెట్టే వేళకి, హాల్లో కుర్చీలో కూర్చున్న నాకు చేపల వాసన వచ్చింది. వీధిలోంచి గాలికి కొట్టుకొచ్చిన వాసన కాదు. ఇంట్లోనే ఎవరో ఏదో మరగబెడుతున్నట్టు, గొంతులోకి దిగి కూర్చునే వాసన.

"అత్తయ్యా, ఏదో వాసన వస్తోంది" అని కేకేశాను.

"ఏం వాసన? నాకేం రావటం లేదే" అని వెనక వరండాలోంచి జవాబు వచ్చింది.

"చేపల వాసన."

"రామ రామ! సంధ్యవేళ ఏం మాటలవి అమ్మాయ్? కృష్ణా రామా అనుకుంటూ కూర్చో."

నాకప్పుడు అయిదో నెల. మేముండేది యూనివర్సిటీ క్వార్టర్సులో, తార్నాక వైపు కొసన. మా ఆయన క్యాంపస్‌లో కెమిస్ట్రీ చెబుతారు. నేను దగ్గర్లోనే ఒక డిగ్రీ కాలేజీలో ఆడపిల్లలకి పోషకాహారం పాఠాలు చెబుతాను. మా ఆయనకి ఈ క్వార్టర్ వచ్చాక అత్తయ్య మా దగ్గరికి వచ్చేసింది. ఎత్తు కప్పు, పొడుగాటి వరండా, వెనక పెరడు ఉన్న పాత ఇల్లు. పెరటి గోడ దాటితే బండరాళ్లు, తుప్పలు, వాటి మధ్య నెమళ్లు. పగలంతా పిల్లల బళ్లూ కేకలతో ఊరిలా ఉండే క్యాంపస్, పొద్దు వాలేసరికి అడవి అయిపోతుంది. మల్కాజ్‌గిరి వైపు పోయే రైలు కూత వినబడితే తప్ప హైదరాబాద్ నడిబొడ్డున ఉన్నామని గుర్తుకు రాదు.

అంతకు రెండేళ్ల కిందట, ఏడో నెలలో, నాకొక బిడ్డ పోయింది. కడుపులోనే సరిగ్గా ఎదగలేదన్నారు. నాకు చూపించలేదు. మత్తు దిగేసరికి అత్తయ్యా మా ఆయనా ఎక్కడికో వెళ్లి రావడం, తలస్నానాలు చెయ్యడం అన్నీ అయిపోయాయి. చూస్తే మరిచిపోలేనని వాళ్ల ఉద్దేశం. చూడకపోతే మరిచిపోతానని ఎవరు చెప్పారో! ఆ రోజు నుంచి ఆ బిడ్డ మాట మా ఇంట్లో లేదు. పురిట్లో పోయినవాళ్లకి కర్మ చెయ్యరు, ఏడ్వకూడదు, తలవకూడదు అని మా వాళ్ల పట్టింపు. నేనూ తలవలేదు. తలిస్తే ఆ ఇంట్లో ఒక్క సామానూ మిగలనిచ్చేదాన్ని కాదు, అంత కోపం ఉండేది నాకు.

ఈసారి కడుపు నిలబడ్డాక నా బతుకంతా ఒక్కటే లెక్క మీద నడిచింది. ఈ బిడ్డ ఎదగాలి. నేను తినే ముద్ద, తాగే నీళ్లు, నిద్ర, అన్నీ దానికే.

అయిదో నెల స్కానింగ్‌లో తార్నాక డాక్టరమ్మ తెర మీద ఒకే చోట మళ్లీ మళ్లీ కొలిచింది. ఆ కొలవడం నాకు తెలుసు. పోయినసారీ అలాగే మొదలైంది.

"గ్రోత్ కొంచెం వెనకబడి ఉన్నదమ్మా. కంగారు పడకండి, కానీ మీ పాత హిస్టరీ ఉన్నది కదా, దగ్గరుండి చూద్దాం" అంది. మిగతా మందులతో పాటు చేప నూనె మాత్రలు కూడా రాసి, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అంది. "ఇదేం మంత్రం కాదు. దీంతో బరువు పెరుగుతదని నేను హామీ ఇవ్వను. కానీ లోపల మెదడు, కళ్లు తయారయ్యేదానికి ఈ కొవ్వులు కావాలె. మీ తిండిలో అవి లేవు."

నాకు తెలియంది కాదు. ఏటా ఆ పాఠం నేనే చెబుతాను. కొన్ని కొవ్వులు మన ఒళ్లు తనంతట తాను తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మనం అవిసె గింజల పొడి ఎంత తిన్నా, అందులోని కొవ్వుని బిడ్డ మెదడుకి పనికొచ్చే రూపంలోకి ఒళ్లు మార్చుకునేది బహు తక్కువ. తల్లి తినకపోతే బిడ్డ ఊరుకోదు, తల్లి ఒంట్లో నిలవ ఉన్నదాన్ని తోడుకుంటుంది. అక్కడా లేకపోతే? ఆ ప్రశ్న నా క్లాసులో ఏ పిల్లా ఎప్పుడూ అడగలేదు. ఆ రోజుల్లో పడుకుంటే నాకదే ఆలోచన. లోపల చీకట్లో ఒక చిన్న చెయ్యి నా ఒళ్లంతా తడుముతోంది, దానికి కావలసింది దొరకటం లేదు. పాఠం మధ్యలో మామూలు మాటలు మరిచిపోయేదాన్ని. బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని దాని పేరు గుర్తురాక నిలబడిపోయాను ఒకసారి.

నాచుతో చేసిన శాకాహారం మాత్రలు కూడా ఉంటాయి. మందుల షాపువాడు తెప్పిస్తానన్నాడు, తెప్పించలేదు. నాకు ఆగే ఓపిక లేదు. బిడ్డ బతుకుతుందంటే మొసలి నూనైనా తాగుతాను. మా ఆయన మాత్రం వాళ్లమ్మకి తెలిస్తే ఇల్లు వదిలి పోతుందని భయపడి, మాత్రల్ని ఒక ఖాళీ విటమిన్ సీసాలో పోసి, అసలు డబ్బా డిపార్ట్‌మెంటు చెత్తబుట్టలో పారేసి వచ్చారు.

"ఇవెందుకురా?" అంది అత్తయ్య, పసుప్పచ్చగా మెరిసే మాత్రని వెలుతురుకి ఎత్తి చూస్తూ.

"కడుపులో బిడ్డ పెరగడానికి నూనె అమ్మా" అన్నారు ఈయన. అబద్ధం కాదు. నిజమూ కాదు.

అప్పటినుంచి నా మందుల పెత్తనం అత్తయ్యే తీసుకుంది. పూటపూటా పిడికెడు మాత్రలు అరచేతిలో పోసేది. నాకేమో మాత్రలు చూస్తేనే వాంతి, కళ్లు మూసుకుని అన్నీ ఒక్క గుక్కలో మింగేదాన్ని. దానికి తోడు ఇంకో ఆంక్ష పెట్టింది. అసురసంధ్య వేళ కడుపుతో ఉన్నవాళ్లు పెరటివైపు రాకూడదు, హాల్లో లైట్లన్నీ వేసుకుని కూర్చోవాలి. పుట్టింటి ఆచారాలూ అత్తింటి ఆచారాలూ అన్నీ కలిపి మోస్తున్నదాన్ని, ఇదొకటి ఎక్కువా అనుకున్నాను.

ఆ కూర్చోవడంలోనే వాసన మొదలైంది. రోజూ అదే వేళకి వచ్చేది, కాసేపు ఇల్లంతా తిరిగేది, పోయేది. మా ఆయన వచ్చేసరికి ఉండేది కాదు. "కడుపుతో ఉంటే లేని వాసనలు వస్తాయిట" అని ఆయన మల్లెపూల వాసనొచ్చే స్ప్రే కొనుక్కొచ్చారు. మర్నాడు మల్లెపూలలో చుట్టిన చేప వాసన వచ్చింది. స్ప్రే సీసా ఆయన మీదకే విసిరాను.

ఒక సాయంత్రం పనామె అంట్లకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అడిక్‌మెట్ నుంచి వస్తుందామె, నాకంటే పెద్దది. వాళ్లది మెదక్ వైపు పల్లె. ఆదివారం చర్చి ఉంటే పనికి రాదు, తక్కిన రోజులు వర్షం వచ్చినా మానదు.

"ఏంది మేడం, చాపలు వండిన్రా?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఆమె కూడా నవ్వు ఆపేసింది.

"పెద్దమ్మ ఉన్న ఇంట్ల చాపలేంది?" అని తనలో తనే అనుకుని, గొంతు తగ్గించి, "మా ఊర్లయితే గిట్ల లేని వాసనొస్తే ఎవరో వచ్చి నిలవడ్డరంటరు. మీరేం భయపడకుండ్రి" అంది. అని కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ ప్రార్థన చేసింది. భయపడొద్దని చెప్పే పద్ధతేనా అది?

అంటే వాసన నా తలకాయలో లేదు. ఇంట్లో ఉంది. అది తెలిశాక నాకు భయం వేసింది. చచ్చేంత భయం. పొద్దున్న కాలేజీలో ఉన్నంతసేపూ నన్ను నేనే తిట్టుకునేదాన్ని, ఎమ్మెస్సీ చదివి దయ్యాల్ని నమ్ముతున్నావా అని. పొద్దు గుంకితే చదువు గుంకేది. పోయిన బిడ్డకీ దక్కనిది ఈ చేప కొవ్వేగా, దక్కనిదాన్ని వెతుక్కుంటూ వచ్చిందా అనుకునేదాన్ని. వస్తే దేనికోసం వస్తుంది? నా దగ్గర ఉన్నది ఇంకొక బిడ్డ ఒక్కటే.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, తర్వాతి స్కానింగ్‌లో కూడా బిడ్డ వెనకబడే ఉంది. "మాత్రలు టైముకి వేసుకుంటున్నరా?" అని డాక్టరమ్మ అడిగింది. ఒక్క పూట కూడా మానలేదని ఒట్టేశాను.

చలి ముదిరింది. ఏడో నెల పడింది. పోయినసారి బిడ్డ పోయిన నెల అది. ఒక సాయంత్రం వాసన మొదలయ్యేసరికి నాకు ఇక తిక్క రేగింది. ఏముందో చూద్దాం, నన్ను తింటే తింటుంది అనుకుని లేచాను. వంటింట్లోకి వెళ్లేసరికి వాసన చిక్కబడింది. పెరటి తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి సన్నగా వెలుగు వస్తోంది. తలుపు నెట్టాను.

గుమ్మం అవతల, కొంగు నెత్తిన కప్పుకుని, అత్తయ్య గొంతుక్కూర్చుని ఉంది. ముందు ఒక మట్టి ప్రమిద. వత్తి చిటపటమంటూ నల్లటి పొగ వదులుతోంది. ఆవిడ నా మాత్ర ఒకటి పిన్నీసుతో పొడిచి, బొట్టుబొట్టుగా ప్రమిదలోకి పిండుతోంది. గోడ అవతలి చీకటికేసి చూస్తూ ఎవరితోనో మాట్లాడుతోంది. "తాగు బంగారం. ముందు నీకే. తరవాతే లోపలున్నవాళ్లకి."

నా పై ప్రాణం పైనే పోయింది. ఆ వెంటనే అసలు సంగతి తలకెక్కింది. సాయంత్రం మాత్ర నాకు దక్కటం లేదు.

"నా బిడ్డ నోటి దగ్గరిది తీసి మంటలో పోస్తారా!" అని అరిచాను. "అది పెరగటం లేదని ఆ డాక్టరమ్మ ముందు నేను ఏడుస్తుంటే, మీరు చేస్తున్న పని ఇదా?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. "అరవకు, దీపం ముందు" అంది. "చదవేస్తే ఉన్న మతి పోయిందిట. మొదటి బిడ్డకి పెట్టకుండా రెండో బిడ్డకి పెడితే వంటబడుతుందా? ఆ బిడ్డకి పాలు లేవు, పేరు లేదు, పిండం లేదు. ఆకలితో ఒకళ్లు గుమ్మం దగ్గర నిలబడితే లోపలివాళ్లకి ముద్ద దిగుతుందా? పెరగడానికి నూనె అన్నాడు వాడు. అందులో సగం ఆ బిడ్డది కాదూ?"

"ఎవరు చెప్పారు మీకు, ఎవరో నిలబడ్డారని?"

"చెప్పడమేమిటి? రోజూ ఏడ్చేది కదా ఆ గోడ అవతల. నీకు వినబడలేదూ? నూనె పొయ్యడం మొదలెట్టాక మానింది."

"అవి నెమళ్లు అత్తయ్యా!"

"వానలు పోయాక నెమళ్లు అరుస్తాయా?"

ఆ ఏడుపు నేనూ విన్నాను. ఆశ్వయుజమంతా, సరిగ్గా దీపాల వేళకి, సన్నగా, ఊపిరి చాలనట్టు. నెమళ్లే అని నాకు నేను చెప్పుకున్నాను. కార్తీకంలో అది ఆగిపోయిన సంగతి ఆవిడ అనేదాకా నేను గమనించలేదు.

భయమూ కోపమూ కలిస్తే నా నోరు నా మాట వినదు. "అయితే వినండి" అన్నాను. "మీరు రోజూ పోసేది చేప నూనె. మీ అబ్బాయే తెచ్చాడు. ఇల్లంతా గబ్బు కొడుతోంది, మీకు తెలియటం లేదా?"

అత్తయ్య తన వేళ్లకేసి చూసుకుంది. వాటిని ముక్కు దగ్గర పెట్టుకుంది, తీసింది. "నాకు వాసన పోయింది అమ్మాయ్" అంది మెల్లిగా. "కరోనా వచ్చి తగ్గింది కానీ, అది మాత్రం తిరిగి రాలేదు. వంట చేసేదాన్ని, ఎవరితో చెప్పుకోను?" చారు కాగిన ప్రతిసారీ నన్ను పిలిచి "ఇంగువ సరిపోయిందేమో చూడు" అని ఎందుకు అడిగేదో అప్పుడు అర్థమైంది.

ఆ చలిలో పెరట్లో నూతి దగ్గర కుండెడు నీళ్లు నెత్తిన పోసుకుంది. నాతో మాట్లాడలేదు, వాళ్లబ్బాయితోనూ మాట్లాడలేదు. మాత్రల సీసా తెచ్చి నా మంచం మీద పెట్టి, మళ్లీ ముట్టుకోలేదు.

మర్నాడు రెండు పూటలా మాత్రలు నేనే వేసుకున్నాను. సాయంత్రం వాసన లేదు. కిటికీలు తెరుచుకుని, గెలిచినదానిలా హాల్లో కూర్చున్నాను. దూరంగా రైలు కూత వేసి వెళ్లిపోయింది. అది సద్దుమణిగాక, పెరటి గోడ అవతల ఏడుపు మొదలైంది.

పనామె అంట్లు తోమడం ఆపేసింది. "గీ చలిల నెమళ్లు ఒర్రయి గద మేడం" అంది. చీపురు, గిన్నెలు ఎక్కడివక్కడ వదిలి, సిలువ గుర్తు వేసుకుని, ముందు గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

నేను కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. అప్పుడు తట్టింది, మధ్యాహ్నం నుంచీ బిడ్డ కదల్లేదని. చక్కెర నీళ్లు తాగాను. ఎడమ వైపు ఒరిగి పడుకున్నాను. తట్టాను, బతిమాలాను. ఏమీ లేదు. బయట ఏడుపు, లోపల నిశ్శబ్దం. మా ఆయనకి ఫోన్ చేస్తే "ఆటో తీసుకుని వస్తున్నా, కదలకు" అన్నారు. పోయినసారీ ఇలాగే కదలిక ఆగింది. ఇదే నెల.

అత్తయ్య వచ్చి మంచం పక్కన నిలబడింది. నా మొహం చూసి అన్నీ తెలుసుకుంది. సీసా తీసి, మాత్ర ఒకటి అరచేతిలో వేసుకుంది.

"అది చేప" అన్నాను.

"తెలుసు. నోరు తెరు."

"సాయంత్రంది వేసేసుకున్నాను అత్తయ్యా."

ఆవిడ చెయ్యి అలాగే ఆగింది. "అయితే ఇది ఆ బిడ్డది" అంది. "లే. నేను నాయనమ్మని, ఎంత పోసినా నాది అరువు చెయ్యే. నువ్వు కన్నదానివి. నువ్వు పొయ్యాలి. పాపం ఏదైనా ఉంటే దేవుడితో నేను చెప్పుకుంటాను."

నన్ను పట్టుకుని పెరటి గుమ్మం దాకా నడిపించింది. ప్రమిద పెట్టింది, వత్తి వేసింది. పిన్నీసు నా చేతికిచ్చింది. నా వేళ్లలోంచి మాత్ర జారిపోతే, వంగి వెతికి తీసి మళ్లీ ఇచ్చింది. పొడిచాను. బొట్లు పడ్డాయి. వాసన నా మొహానికి కొట్టింది. "తాగు" అన్నాను. ఇంకేదో అనాలనుకున్నాను, పిలవడానికి పేరు లేదు. ఆ గుమ్మం మీద కూలబడి, రెండేళ్లుగా ఏడ్వనిదంతా ఏడ్చాను. అత్తయ్య నన్ను ఆపలేదు, ఏడ్వకూడదని చెప్పలేదు. తనూ ఏడ్చింది.

మా ఏడుపులో అవతలి ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. కానీ ఆటో చప్పుడు వినబడేసరికి నా పక్కటెముకల కింద గట్టిగా ఒక్క తన్ను పడింది.

డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపించి, నేను కళ్లు తుడుచుకుని జరిగింది చెప్పాక, తనివితీరా తిట్టింది. "కదలిక తగ్గితే వెంటనే ఉరికి రావాలె. ఇంట్ల కూసొని దీపాలు పెట్టుడేంది, చదువుకున్నోళ్లు!" తిట్లన్నీ తలొంచుకుని తిన్నాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

ఆ తర్వాత స్కానింగ్‌లలో బిడ్డ మెల్లిగా పుంజుకుంది. మాత్రల వల్లేనా అని అడిగితే, "ఏమో, అట్లని చెప్పలేనమ్మా, కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే అందుకుంటరు" అంది. నేను క్లాసులో కూడా అంతే చెబుతాను. నా మాత్రలు నేను రెండు పూటలా మింగాను. ఆ రెంటికీ పైన సాయంత్రం ఇంకొకటి ఖర్చయ్యేది. మా ఆయన సీసా చూసి ఏమీ అడక్కుండా కొత్తది తెచ్చేవారు.

ఎండలు ముదరక ముందే కొడుకు పుట్టాడు. సన్నగా, ఎర్రగా ఉన్నాడు, కానీ వార్డంతా లేచేలా ఏడ్చాడు. తూకం చూసి నర్సు బాగున్నాడంది. ఆయా వాణ్ని గుడ్డలో చుట్టి తెచ్చి అత్తయ్య ఒళ్లో పెట్టింది. నేను మంచం మీద ఉన్నాను, మా ఆయన నా కాళ్ల దగ్గర నిలబడి ఉన్నారు.

"మంచిగున్నడు పిలగాడు" అంది ఆయా. "తొల్సూరేనా అమ్మా?"

మా ఆయన అవునని తలూపబోయారు.

"కాదు" అంది అత్తయ్య. "వీడు రెండోవాడు. పెద్దది ఆడపిల్ల."

"అట్లనా? ఇంటికాడున్నదా?"

"ఆఁ, ఇంటి దగ్గరే ఉంది."

ఆయా పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది. మా ఆయన గోడకేసి తిరిగి నిలబడ్డారు. నేను అత్తయ్యనే చూస్తున్నాను. ఆడపిల్ల అని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

అత్తయ్య తలెత్తలేదు. వాడి నెత్తిన టోపీ సర్దుతూ, "దానిది నీ పోలికే" అంది నాతో. "జుట్టు మాత్రం వీడికంటే ఒత్తు."